నీలిరంగు లెక్క

గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి సముద్రాన్ని చేరే చోట ఆ పాయల నడుమ ఏర్పడిన పచ్చని నేల కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో వరిచేలూ కొబ్బరితోటలూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ ఎరువు ఎంత వేయాలో తెలుసుకోదలచిన రైతు తన పొలంలోని మట్టిని భూసార పరీక్షకు పంపుతాడు. ప్రయోగశాలలో ఆ మట్టిని ఒక ద్రావణంతో కలిపి కుదిపి, వడగట్టి, వచ్చిన తేటలో మాలిబ్డేట్ అనే రసాయనాన్ని, దానితోపాటు మరొక రసాయనాన్ని చేరుస్తారు. కొద్ది నిమిషాలలో పరీక్షనాళికలో నీలిరంగు తేలుతుంది. రంగు లేతగా ఉంటే మట్టిలో మొక్కకు అందే భాస్వరం తక్కువ. ముదురుగా ఉంటే ఎక్కువ. ఎకరానికి ఎంత డి.ఎ.పి. వేయాలి, అసలు వేయనవసరం ఉందా అన్నది ఆ రంగును బట్టి తేలుతుంది.

ఈ నీలిరంగును నమ్మదగిన కొలతగా మలచినవారిలో ఒకరు తెలుగువారు. వసిష్ఠకు ఆవలి వైపున, పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆయన. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తన పై అధికారి సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రచురించిన పత్రం, విజ్ఞానశాస్త్ర చరిత్రలో అత్యధికంగా పేర్కొనబడిన పత్రాలలో ఒకటిగా నిలిచింది. ఒక శాస్త్రజ్ఞుని కృషి విలువను లెక్కపెట్టడం సాధ్యమేనా, సాధ్యమైతే ఆ లెక్కలో ఏవి చేరుతాయి, ఏవి జారిపోతాయి అన్న ప్రశ్నలకు ఈ ఒక్క జీవితంలో చాలా సమాధానం దొరుకుతుంది.

సుబ్బారావు విద్యాభ్యాసం సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, అనపర్తిలోని మామగారు చేసిన ఆర్థిక సహాయంతో 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరుకొన్నారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లమా పొంది, ఆ తరువాత ఆటో ఫోలిన్ నడుపుతున్న జీవరసాయన విభాగంలో చేరారు. రంగులను బట్టి రక్తంలోని పదార్థాలను కొలవడంలో ఫోలిన్ ఆ కాలపు మేటి. ఆ విభాగంలోనే భాస్వరాన్ని కొలిచే పని సుబ్బారావు చేతికి వచ్చింది.

ఆ కొలత వెనుక ఉన్న రసాయన శాస్త్రం అందమైనది. ఫాస్ఫేట్ ఉన్న ఆమ్ల ద్రావణంలో మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫోమాలిబ్డేట్ అనే పసుపుపచ్చని సంయోగ పదార్థం ఏర్పడుతుంది. ఈ సంగతిని స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ 1826లోనే గుర్తించాడు. ఈ జాతి పదార్థాల అణునిర్మాణాన్ని 1933లో కెగ్గిన్ వివరించిన తరువాత అసలు రహస్యం బోధపడింది. నడుమ ఒక్క భాస్వర పరమాణువు ఉంటుంది; దాని చుట్టూ పన్నెండు మాలిబ్డినం పరమాణువులు, ఆక్సిజన్ పరమాణువుల సాయంతో గూడు కట్టి నిలుస్తాయి. పల్లకి ఎక్కిన పెళ్ళికూతురు ఒక్కతే. కూడా నడిచే పరివారం పన్నెండుమంది. ఈ గూటికి ఎలక్ట్రాన్లను అందించే క్షయకరణిని కలపగానే పసుపు పోయి చిక్కని నీలం వస్తుంది. రంగు చూపేది మాలిబ్డినమే అయినా, దానిని కూడగట్టినది భాస్వరం. రంగులేని భాస్వరం అత్యల్ప పరిమాణంలో ఉన్నా కంటికి తెలిసిపోవడానికి ఇదే కారణం.

1925 నాటికి నీలిరంగు కొత్తది కాదు. బెల్, డాయిసీ అనే శాస్త్రజ్ఞులు 1920లోనే ఈ మార్గంలో ఒక పద్ధతిని ప్రకటించారు. అయితే అందులో రంగు నిలకడగా ఉండేది కాదు, కొలిచేలోపలే వెలిసిపోయేది. ఏ క్షయకరణిని వాడితే రంగు త్వరగా వచ్చి, స్థిరంగా నిలిచి, రక్తంలోని ఇతర పదార్థాల వలన చెడకుండా ఉంటుందన్నదే సమస్య. ఫిస్కే, సుబ్బారావులు అమైనోనాఫ్థాల్ సల్ఫానిక్ ఆమ్లాన్ని ఎన్నుకొని ఈ చిక్కును విడదీశారు. బయటివారికి ఇది చిన్న మార్పుగా తోచవచ్చు. కాని మేలైన కొలత దొరికితే అంతవరకు కనబడని వస్తువులు కనబడడం మొదలవుతుంది. వారి విషయంలో సరిగా అదే జరిగింది.

కండరాల నుండి తీసిన ద్రవాన్ని కొత్త పద్ధతిలో పరీక్షించినపుడు వారికి ఒక విచిత్రం ఎదురైంది. మామూలు ఫాస్ఫేట్ అయితే నీలిరంగు కొద్ది నిమిషాలలో పూర్తిగా రావాలి. కండర ద్రవంలో మాత్రం మొదట కొద్దిగా వచ్చి, ఆపై నెమ్మదిగా ముదురుతూ పోయింది. మరొకరైతే పద్ధతిలోనే లోపముందని వదిలివేసేవారేమో! పద్ధతి మీద నమ్మకం ఉన్నందువలన ఈ ఇద్దరూ ద్రవాన్నే అనుమానించారు. ఆమ్లం తగలగానే కొద్దికొద్దిగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే అస్థిర పదార్థమేదో కండరంలో ఉండి ఉండాలి అని ఊహించి, వెతికి పట్టుకొన్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థం జాడను వేరుగా కనుగొన్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏ.టి.పి.ని వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ ఆ సంవత్సరంలోనే స్వతంత్రంగా ఆ పని చేశాడు. జీవకణం శక్తిని ఇచ్చిపుచ్చుకొనే నాణెమని ఈనాటి ప్రతి జీవశాస్త్ర విద్యార్థీ చదివే పదార్థం ఇదే.

ఇక లెక్క విషయానికి రావాలి. ఒక శాస్త్రజ్ఞుడు పరిశోధన పత్రం రాసేటపుడు తాను ఎవరి పద్ధతులను, ఎవరి ఫలితాలను ఉపయోగించుకొన్నాడో చివర పట్టికలో పేర్కొంటాడు. ఇలా పేర్కొనడాన్ని ఉల్లేఖనం అంటారు. సైటేషన్ అన్న మాట కూడా వాడుకలో ఉంది. ఒక పత్రాన్ని ఎందరు ఉల్లేఖించారో వెనుకకు వెతికి చూపే సూచిక ఉంటే బాగుంటుందని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. ఫిలడెల్ఫియాలోని ఆయన సంస్థ 1960లలో శాస్త్ర ఉల్లేఖన సూచికను లావుపాటి సంపుటాలుగా వెలువరించసాగింది. సంబంధమున్న పరిశోధనలను వెతుక్కోవడానికి అది ఒక సాధనంగా పుట్టింది. మనుషులకు మార్కులు వేసే పని తరువాతి కాలం దానికి అంటగట్టింది.

గార్‌ఫీల్డ్ సంస్థ అత్యధికంగా ఉల్లేఖింపబడిన పత్రాల జాబితాలు ప్రకటించినపుడు 1925 నాటి భాస్వర పత్రం వాటిలో చోటు చేసుకొంది. అది వేలసార్లు ఉల్లేఖింపబడింది. ఆ జాబితాలలో ప్రథమ స్థానం 1951లో ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు ప్రోటీన్లను కొలవడానికి రాసిన పత్రానిది. దానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనలు వచ్చాయి. చిత్రమేమంటే అది కూడా మాలిబ్డినం, టంగ్‌స్టన్ కలిసిన కారకం నీలంగా మారడం మీద ఆధారపడిన పద్ధతే. ఆ కారకం ఫోలిన్ పేరుతో ప్రసిద్ధమైనది. తన పత్రం గొప్పదేమీ కాదని లౌరీయే ఒప్పుకొన్నాడు.

జాబితాలలో ముందు వరుసలో ఉండేవి ఎక్కువగా పద్ధతులను వివరించే పత్రాలే. వంట ఎన్ని రకాలైనా ప్రతి వంటగదిలోనూ కత్తిపీట ఉండి తీరుతుంది కదా! కండరం మీద, ఎముక మీద, మట్టి మీద, చెరువు నీటి మీద పరిశోధన చేసేవారు ఒకరి పని ఒకరికి తెలియకపోయినా అందరూ భాస్వరాన్ని కొలవవలసినవారే. అందుచేత అందరూ ఆ ఒక్క పత్రాన్నే పేర్కొన్నారు. అంతకంటే ఎంతో లోతైన ఏ.టి.పి. ఆవిష్కరణకు ఈ అదృష్టం లేదు. ఒక సత్యం పాఠ్యపుస్తకంలోకి ఎక్కిన తరువాత, దానిని మొదట ఎవరు చెప్పారో పేర్కొనడం జనం మానేస్తారు. న్యూటన్ నియమాన్ని వాడే ఇంజనీరు ఎవడూ న్యూటన్ గ్రంథాన్ని ఉల్లేఖించడు. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ స్థితిని గుర్తించి, కలిసిపోయి కనుమరుగు కావడమన్న అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. ఉల్లేఖనల లెక్క ఒక రచన ఎంతగా ఉపయోగపడిందో కొంతవరకు చెబుతుంది గాని, ఎంత గొప్పదో చెప్పదు.

సుబ్బారావు విషయంలో ఆ ఉపయోగాన్ని కూడా లెక్క సరిగా చెప్పలేదు. ముద్రిత సూచికలో ఉల్లేఖింపబడిన పత్రాలను మొదటి రచయిత పేరు కిందనే చేర్చేవారు. 1925 పత్రంలో మొదటి పేరు ఫిస్కేది. అందువలన ఆ వేల ఉల్లేఖనలన్నీ ఫిస్కే పేరు కింద బారులు తీరాయి. సుబ్బారావు అన్న పేరుతో వెతికినవారికి అవి కనిపించవు. పేరు రాసే తీరు మరొక చిక్కు తెచ్చిపెట్టింది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. పాశ్చాత్యులకు చివర ఉన్నదే వంశనామం. అందుచేత యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ఒక్క పొడి అక్షరానికి కుదించుకుపోయి, సుబ్బారావు అన్నది వంశనామమై కూర్చుంది. ఇంగ్లీషులో దానిని ఒకచోట ఒకే మాటగా, మరొకచోట రెండు మాటలుగా, రకరకాల అక్షరక్రమాలతో రాశారు. ఈ ఇబ్బంది ఈనాటి తెలుగు పరిశోధకులకూ ఉన్నదే. ఒకే పొడి అక్షరాలతో రావులు, రెడ్డులు, ప్రసాదులు వందలమంది ఉన్నపుడు ఎవరి పత్రం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పడం కష్టం. పరిశోధకుడు ఒక్కొక్కరికీ పదహారు అంకెల గుర్తింపు సంఖ్యను ఇచ్చే ఆర్కిడ్ అనే ఏర్పాటు 2012లో ప్రారంభమైన తరువాత ఈ గందరగోళం కొంత తగ్గింది.

హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే ఔషధ సంస్థకు వెళ్ళి అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. రక్తహీనతను పోగొట్టే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకాన్ని వెలికి తీయడం ఆయన అజమాయిషీలోనే జరిగాయి. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని వివరించిన 1946 నాటి పత్రంలో పదిహేనుమందికి పైగా రచయితల నడుమ సుబ్బారావు ఒకరు. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డగించే అమైనోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసి బోస్టన్‌లోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. రక్తపు కేన్సర్‌తో చనిపోతున్న పిల్లలలో ఆ మందు వలన కొంతకాలం వ్యాధి తగ్గుముఖం పట్టిందని 1948లో ఫార్బర్, సహచర వైద్యులు ప్రకటించారు. కేన్సర్‌కు మందులతో చికిత్స చేసే యుగానికి తలుపు తెరచిన పత్రమది. దాని రచయితలలో సుబ్బారావు పేరు లేదు. రావలసిన అవసరమూ లేదు; చికిత్స చేసినది వైద్యులు. కాని ఉల్లేఖనలను మాత్రమే చూసేవారికి ఆ మందు ఎవరి ప్రయోగశాల నుండి వచ్చిందో తెలియదు.

లెడర్లీ నుండి 1947లో వెలువడిన మరొక మందు డైఈథైల్ కార్బమజైన్. డి.ఇ.సి. మాత్రలంటే గోదావరి జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. దోమకాటుతో వ్యాపించే బోదకాలు వ్యాధి ఈ తీరప్రాంతాన్ని ఎంతోకాలం పీడించింది. వ్యాధి నిర్మూలన కార్యక్రమంలో భాగంగా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర ఇదే. మాత్ర మింగినవారు పరిశోధన పత్రాలు రాయరు. ఆ మాత్ర వలన కాలు వాయకుండా బయటపడినవారి సంఖ్య ఏ ఉల్లేఖన సూచికలోనూ నమోదు కాదు.

ఈ లెక్కలకు 2005లో మరొక కొలమానం తోడైంది. హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఈ హెచ్ సూచిక సులభమైనది. ఒకరు రాసిన పత్రాలలో కనీసం పదింటికి ఒక్కొక్కదానికి పదేసి ఉల్లేఖనలు ఉంటే ఆ వ్యక్తి సూచిక పది. ఇరవైయింటికి ఇరవయ్యేసి ఉంటే ఇరవై. అదృష్టవశాత్తు ఒక్క పత్రంతో పేరు తెచ్చుకొన్నవారికీ, నిలకడగా పనిచేసినవారికీ తేడా తెలియాలన్నది దీని ఉద్దేశం. అయితే ఒకే ఒక్క పత్రం రాసి దానికి పదివేల ఉల్లేఖనలు పొందినవాని సూచిక ఒకటి దాటదు. ముప్ఫై ఓ మాదిరి పత్రాలు రాసి ఒక్కొక్కదానికి ముప్ఫై ఉల్లేఖనలు పొందినవాని సూచిక ముప్ఫై.

పదార్థ రసాయన శాస్త్రంలో ఈ సంఖ్యలు సహజంగానే పెద్దవి. బ్యాటరీలు, సౌరఫలకాలు, నానో పదార్థాలు, ఉత్ప్రేరకాలు మొదలైన రంగాలలో ప్రపంచమంతటా వేలమంది పనిచేస్తున్నారు. పత్రాలు త్వరగా వస్తాయి, పట్టికలు పొడవుగా ఉంటాయి. భారతరత్న పొందిన సి.ఎన్.ఆర్. రావు 1,500కు పైగా పత్రాలు ప్రచురించారు. ఆయన హెచ్ సూచిక నూరు దాటింది. గణిత శాస్త్రజ్ఞుడు జీవితమంతా శ్రమించి యాభై పత్రాలు రాస్తే అది నిండైన కృషియే. ఈ ఇద్దరినీ ఒకే త్రాసులో తూచడం కొబ్బరికాయలనూ వడ్లనూ ఒకే కుంచంతో కొలవడం వంటిది.

అయినా తూచడం ఆగలేదు. మనదేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010లో అధ్యాపకుల నియామకాలకూ పదోన్నతులకూ ప్రచురణల సంఖ్యను బట్టి పాయింట్లు వేసే విధానం తెచ్చింది. దానితో, డబ్బు చెల్లిస్తే పరిశీలన లేకుండానే ఏదైనా అచ్చువేసే పత్రికలకు గిరాకీ పెరిగింది. ఒకరినొకరు ఉల్లేఖించుకొనే జట్లు, తనను తానే ఉల్లేఖించుకొనేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. పత్రిక పేరును, దాని సూచికను చూసి మనిషిని అంచనా కట్టరాదని కోరుతూ 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు ఒక ప్రకటన సిద్ధం చేశారు; తరువాత ఎన్నో సంస్థలు దానిపై సంతకం చేశాయి. సంఖ్య తేలికగా దొరుకుతుంది, పత్రం చదవడానికి సమయం పడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

నీలిరంగు కథ అక్కడితో ఆగలేదు. 1954లో ఓల్సెన్, అతని సహచరులు సున్నపు నేలల నుండి భాస్వరాన్ని సోడియం బైకార్బొనేట్‌తో రాబట్టే విధానాన్ని చెప్పారు. 1962లో మర్ఫీ, రైలీ నీటిలోని ఫాస్ఫేట్‌ను కొలవడానికి విటమిన్ సిని, అనగా ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, క్షయకరణిగా వాడారు. మట్టినీ నీటినీ పరీక్షించేవారు క్రమంగా ఈ పత్రాలను ఉల్లేఖించసాగారు. భాస్వరం, మాలిబ్డేట్, నీలం మాత్రం మారలేదు. రొయ్యల చెరువు నీటిలోనైనా కొబ్బరితోట మట్టిలోనైనా ఒక్క పరమాణువు చుట్టూ ఆ పన్నెండూ చేరవలసిందే.

సుబ్బారావు 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో మరణించారు. 1953లో, ఆయన పనిచేసిన సంస్థలోని శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టాడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.